పొరుగు పగ, పరాయి ఫిరంగి: బొబ్బిలి నుంచి పద్మనాభం దాకా

1757 జనవరి 24న బొబ్బిలి కోట ఒక్క పగటిలో కూలింది. 1794 జులై 10న పద్మనాభం కొండ దగ్గర విజయనగరం సైన్యం ఒక్క పొద్దులో చెదిరిపోయింది. మధ్య గడిచింది ముప్పై ఏడేళ్లు. మొదటి యుద్ధం తెలియని తెలుగువాడు లేడు. జంగం కథలు, బుర్రకథలు, నాటకాలు, సినిమాలు దాన్ని ఇంటింటికీ చేర్చాయి. రెండో యుద్ధం విజయనగరం, భీమునిపట్నం పరిసరాలు దాటితే చాలామందికి తెలియదు. రెండింటినీ విడివిడి కథలుగా చెప్పుకోవడం మనకు అలవాటైపోయింది. పక్కపక్కన పెట్టి చూస్తే ఒక పెద్ద ప్రశ్న ఎదురవుతుంది. కోటలు, సైన్యాలు, ప్రాణం కన్న పరువే మిన్న అనుకునే వీరులు ఉన్న ఒక సీమ, ఒక తరం తిరిగేసరికి సముద్రం దాటి వచ్చిన వర్తక కంపెనీ చేతిలోకి ఎలా పోయింది? అందుకు బాధ్యులెవరు?

ఈ ప్రశ్న ఉత్తరాంధ్రకే పరిమితమైంది కాదు. రెండు వేల ఏళ్లకు ముందే గ్రీకు చరిత్రకారులు తమ నగరాల గురించి అడిగినదీ ఇదే. థ్యుసిడిడీస్ స్వయంగా ఏథెన్స్ సేనాని. క్రీ.పూ. 424లో ఆంఫిపొలిస్ నగరాన్ని కాపాడలేకపోయినందుకు ఇరవై ఏళ్లు దేశం విడిచి ఉండాల్సి వచ్చింది. పొలీబియస్ దక్షిణ గ్రీసులోని అకియన్ సమాఖ్యలో అశ్వదళ నాయకుడు. క్రీ.పూ. 167లో రోమ్‌కు బందీగా వెళ్లి, తన దేశాన్ని లొంగదీసుకుంటున్న శక్తి ఎలా పనిచేస్తుందో దగ్గరుండి చూశాడు. ఇద్దరూ ఓటమి రుచి తెలిసినవాళ్లే. అందుకే చిన్న రాజ్యాలు ఎందుకు చెడతాయో వాళ్లు చెప్పినంత సూటిగా గెలిచినవాళ్ల చరిత్రలు చెప్పవు. వాళ్ల చూపుతో బొబ్బిలిని, పద్మనాభాన్ని చూస్తే మనకు తెలిసిన కథలోనే కనపడని పొరలు తేలతాయి.

ముందు రంగస్థలం సంగతి. పదిహేడో శతాబ్దం మధ్యలో గోల్కొండ కుతుబ్‌షాహీల తరఫున షేర్ మహమ్మద్ ఖాన్ శ్రీకాకుళం ఫౌజ్‌దారుగా వచ్చాడు. బొబ్బిలి వెలమ దొరల వంశం, విజయనగరం పూసపాటి వంశం రెండూ ఆయన వెంట ఈ సీమకు వచ్చినవేనని రెండు సంస్థానాల కథనాలూ చెబుతాయి. అంటే ఇద్దరూ ఒకే కొలువులో పని చేసి, ఒకే కాలంలో జాగీర్లు పొందినవాళ్లు. పక్కపక్కనే ఎల్లలు, ఒకే దారిన పారే వాగులు. తరువాత నిజాం ఏలుబడి వచ్చినా ఈ అమరిక మారలేదు. పైన హైదరాబాదు, నడుమ శ్రీకాకుళం ఫౌజ్‌దారు, కింద పేష్కష్ కట్టే జమీందార్లు.

ఈ అమరికను కదిపింది 1753. ఆ ఏడాది నిజాం సలాబత్ జంగ్ తన దగ్గరున్న ఫ్రెంచి దళం ఖర్చుకోసం శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, ముస్తఫానగర్ సర్కారులను ఫ్రెంచి సేనాని బుస్సీకి రాసిచ్చాడు. శ్రీకాకుళం ఫౌజ్‌దారు జాఫర్ అలీ ఖాన్ దీన్ని ఒప్పుకోలేదు. విజయనగరం ప్రభువు పెద విజయరామరాజు మొదట ఆయన పక్షానే నిలిచాడు. అప్పుడు మచిలీపట్నంలోని ఫ్రెంచి అధికారి మొరాసిన్ శ్రీకాకుళం, రాజమహేంద్రవరం సర్కారులను తక్కువ కౌలుకు ఇస్తానని కబురంపాడు. విజయరామరాజు పక్షం మార్చాడు. ఒంటరివాడైన జాఫర్ అలీ నాగపూర్ మరాఠాలను పిలిచాడు. మరాఠా రౌతులు వచ్చి ఊళ్లు దోచుకుని వెళ్లారు. బొబ్బిలి యుద్ధానికి మూడేళ్ల ముందే ఈ సీమలో ఒక పద్ధతి స్థిరపడిపోయింది: స్థానికంగా తగవు వస్తే బయటి సైన్యాన్ని పిలవడం, కౌలు రూపంలోనో కొల్లగా పోయిన ఊళ్ల రూపంలోనో దాని కిరాయి చెల్లించడం.

యుద్ధాన్ని విచారించేటప్పుడు మూడింటిని కలిపేయకూడదని పొలీబియస్ హెచ్చరించాడు. అసలు కారణం ఒకటి, పైకి చెప్పే నెపం ఇంకొకటి, మొదటి దెబ్బ పడిన క్షణం వేరొకటి. రోమ్, కార్తేజ్ యుద్ధం ఫలానా నగర ముట్టడితో పుట్టిందని రాసిన పాత చరిత్రకారులను ఆయన తప్పుపట్టింది అందుకే. బొబ్బిలి గురించి మన వాదనలు చాలామటుకు ఈ మూడింటిలో ఏదో ఒకదాని దగ్గరే ఆగిపోతున్నాయి.

మొదటి దెబ్బ అందరికీ తెలుసు. నెపం కూడా పెద్ద రహస్యం కాదు. 1756 చివర బుస్సీ రాజమహేంద్రవరం వచ్చినప్పుడు విజయరామరాజు ఆయనను కలిశాడు. బొబ్బిలి ప్రభువు రంగారావును అక్కడినుంచి కదిలించాలన్నది ఆయన పట్టు. బుస్సీ బదులుగా వేరేచోట భూములు ఇస్తానన్నాడు. తాతముత్తాతల నేల వదలడం అవమానమని రంగారావు కాదన్నాడు. ఈలోగా బొబ్బిలి అడవి దారిన వెళ్తున్న ఫ్రెంచి సిపాయిల మీద దాడి జరిగి కొందరు చనిపోయారు. ఆ దాడి వెనక విజయరామరాజు ఎత్తు ఉందని కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ కూడా రాశాడు. నిజం ఏదైనా బుస్సీకి కావలసిన నెపం దొరికింది.

అసలు కారణాలు అంతకన్నా పాతవి. బొబ్బిలివాళ్లు వాగుల నీళ్లను తమవైపు మళ్లించుకునేవారన్న ఫిర్యాదును ఓర్మ్ ప్రస్తావించాడు. వరి మీద బతికే సీమలో ఏటినీళ్ల తగాదా చిన్నదేమీ కాదు. దానికి తోడు వంశాల హెచ్చుతగ్గుల పట్టింపు. పేష్కష్ కట్టడంలో, కొలువులో, పేరుప్రతిష్ఠల్లో ఎవరు ముందన్న పోటీ. అయితే ఇవన్నీ ఏళ్ల తరబడి ఉన్నవే. వాటివల్ల చిల్లర కొట్లాటలు జరిగాయి గానీ ఎవరి కోటా నేలమట్టం కాలేదు. 1757లో కొత్తగా వచ్చింది బుస్సీ ఫిరంగి ఒక్కటే. ఇద్దరికీ ఒకరినొకరు తుడిచిపెట్టే శక్తి లేనన్నాళ్లు ఇద్దరూ బతికారు. మూడో శక్తి చేతికందగానే పాత పగకు కొత్త బలం వచ్చింది.

జనవరి 24న జరిగింది క్లుప్తంగా ఇది. తెల్లవారుతూనే ఫిరంగులు కోట బురుజుల మీద గుళ్లు కురిపించాయి. మట్టికోట గోడలు పగిలాయి. లోపలివాళ్లు కొద్దిమంది. మళ్లీ మళ్లీ ఎక్కిన దండును మధ్యాహ్నం దాటేదాకా వెనక్కి నెట్టారు. ఇక నిలవదని తేలాక ఆడవాళ్లు, పిల్లలు పరాయి చేతుల్లో పడకూడదని ఇళ్లకు నిప్పుపెట్టారు. కత్తులకు బలిచ్చారు. రంగారావు బురుజు మీదే ప్రాణం విడిచాడు. ఆయన పసికొడుకు చినరంగారావును ఒక ముసలివాడు బయటికి తెచ్చి ఫ్రెంచి అధికారి చేతికి అప్పగించాడు. మూడో రాత్రి బొబ్బిలివాళ్లు విజయరామరాజు గుడారంలో చొరబడి ఆయనను పొడిచి చంపారు. ఒంటి మీద ముప్పై రెండు గాయాలని ఓర్మ్ లెక్క. కథలు ఆ పని చేసిన వీరుణ్ని రాజాం తాండ్ర పాపారాయుడిగా నిలబెట్టాయి.

ఈ ఘట్టానికి గ్రీకు చరిత్రలో దగ్గరి పోలిక ప్లాటియా. అది థీబ్స్ పక్కనున్న చిన్న నగరం. థీబ్స్‌కు దానితో పాత పగ. పెలొపనీషియన్ యుద్ధంలో స్పార్టా సైన్యం ప్లాటియాను ముట్టడించి క్రీ.పూ. 427లో లొంగదీసింది. ఐదుగురు న్యాయాధిపతులు వచ్చి ఒక్కొక్కణ్నీ ఒకే ప్రశ్న అడిగారు: ఈ యుద్ధంలో స్పార్టాకు, దాని మిత్రులకు నువ్వు చేసిన మేలేమిటి? చెప్పలేని ప్లాటియావాళ్లను రెండు వందలమందికి పైగా చంపేశారు. వాళ్లతోపాటు ఇరవై ఐదుగురు ఏథెన్స్‌వాళ్లనూ చంపారు. కొన్నాళ్లకు నగరాన్ని పునాదుల దాకా పడగొట్టారు. స్పార్టావాళ్లు ఇదంతా దాదాపు థీబ్స్‌ను మెప్పించడానికే చేశారని, ముందున్న యుద్ధంలో థీబ్స్ పనికొస్తుందనుకున్నారని థ్యుసిడిడీస్ తేల్చాడు. బొబ్బిలి ముందు బుస్సీ నిలిచిన చోటు కూడా అదే. రంగారావుతో ఆయనకు సొంత పగ లేదు. కౌలు కట్టే విజయరామరాజు ఆయనకు కావాలి.

కోట లోపలి ఆహుతికీ ఇలాంటి పోలిక ఉంది. క్రీ.పూ. 200లో మాసిడోనియా రాజు ఐదో ఫిలిప్ అబైడోస్ నగరాన్ని ముట్టడించినప్పుడు, లోపలి గోడ పడితే స్త్రీలను, పిల్లలను చంపి తామూ చస్తామని ఊరివాళ్లు ఒట్టు పెట్టుకున్నారు. పొలీబియస్ ఆ ధైర్యానికి చేయెత్తి మొక్కుతూనే, వాళ్లను ఆ గతికి ఒంటరిగా వదిలేసిన మిత్రరాజ్యాలను నిలదీశాడు. బొబ్బిలి గురించి మనం మొదటి పని చేశాం. రెండో పని చేయలేదు. కోట కూలిన రోజు చుట్టుపక్కల సంస్థానాలు ఎక్కడున్నాయన్న ప్రశ్నను మన కథలు దాదాపు అడగవు.

ఎవరు దోషి అన్నదానికి ప్రతి ఆధారమూ ఒక్కో జవాబు ఇస్తుంది. పెద్దాడ మల్లేశం పేరుతో ప్రచారంలో ఉన్న బొబ్బిలి కథలో, జంగాల పాటల్లో ప్రధాన దోషి బుస్సీ దివాను హైదర్ జంగ్, ఆయనను డబ్బుతో లోబరుచుకున్న విజయరామరాజు. దిట్టకవి నారాయణకవి ‘రంగరాయ చరిత్రము’ కావ్యంలో బరువంతా వంశగౌరవం మీద, వీరధర్మం మీద ఉంటుంది. 1778లో వెలువడిన సంపుటంలో ఓర్మ్, బుస్సీని పక్కవాడి మాటకు మోసపోయిన మంచి సేనానిగా చూపాడు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం 2001లో తెచ్చిన పుస్తకం ఈ మూడింటినీ పక్కపక్కన ఉంచి చదివింది. తెలుగు కథకులకు చారిత్రక దృష్టి లేదన్న పాత అపవాదును అది గట్టిగా తోసిపుచ్చింది. ఆ వాదన సరైనదే. జంగం కథలో డబ్బు, దివాను, దుబాసీల మంతనాలు కనిపించినంత స్పష్టంగా ఓర్మ్ పుటల్లో కనిపించవు.

కానీ మూడు ఆధారాల్లోనూ ఒక లోటు ఉంది. మూడూ మనుషుల గుణదోషాల దగ్గరే తూకం వేస్తాయి. హైదర్ జంగ్ దుర్మార్గుడు కాకపోతే, విజయరామరాజు ఈర్ష్య పడకపోతే ఏమీ జరిగేది కాదన్నట్టు ఉంటుంది. తరువాతి ముప్పై ఏడేళ్లు ఆ నమ్మకాన్ని నిలవనీయవు. మనుషులు మారారు, పద్ధతి మారలేదు.

విజయరామరాజు వారసుడు ఆనందగజపతిరాజు కాలంలో ఫ్రెంచివారితో సంబంధం చెడింది. 1758లో ఫ్రెంచి సేనాధిపతి లాలీ పిలుపు మీద బుస్సీ దక్షిణానికి వెళ్లగానే ఆనందగజపతి విశాఖపట్నాన్ని ఫ్రెంచివారి చేతిలోంచి లాక్కుని, ఇంగ్లీషువారికి కబురు పెట్టాడు. మద్రాసు వెనకాడింది. బెంగాల్ నుంచి క్లైవ్ ఒప్పుకుని కర్నల్ ఫోర్డ్‌ను దళంతో ఓడ ఎక్కించాడు. ఆ డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తిలో ఫ్రెంచి సేన ఓడింది. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడింది. సేన ఖర్చుకు ఇస్తానన్న సొమ్ము గురించి ఫోర్డ్‌కు, రాజుకు దారి పొడవునా గీచులాట సాగింది. కోస్తాలో ఫ్రెంచి అధికారం ముగిసింది. దాని చోటులో వచ్చినవాళ్లు మళ్లీ వెళ్లలేదు.

ఇక్కడ గాల్ దేశం గుర్తుకు రాక తప్పదు. సెక్వానీ తెగ పొరుగునున్న ఎయిడ్వీల మీద పగతో రైన్ అవతలి జర్మన్ నాయకుడు అరియొవిస్టస్‌ను పిలిచింది. అతడు వాళ్ల భూమిలో మూడో వంతు ఆక్రమించాడు. ఎయిడ్వీ నాయకుడు డివిసియాకస్ సాయం కోరుతూ రోమ్ సెనెట్‌కు వెళ్లాడు. క్రీ.పూ. 58లో సీజర్ వచ్చి అరియొవిస్టస్‌ను తరిమేశాడు. ఆ చలికాలం సీజర్ సేనలు గాల్‌లోనే దిగాయి. ఎనిమిదేళ్లలో గాల్ అంతా రోమ్ పాలైంది. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందన్న సామెతకు ఇంతకన్నా పెద్ద ఉదాహరణ ప్రాచీన చరిత్రలో అరుదు.

1760లో ఆనందగజపతి మశూచితో రాజమహేంద్రవరంలో చనిపోయాడు. పిల్లవాడైన ఇంకో విజయరామరాజును దత్తత తెచ్చి గద్దె మీద కూర్చోబెట్టారు. పెత్తనం సవతి అన్న సీతారామరాజుది. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా, 1766లో నిజాంతో ఒడంబడిక కంపెనీకి సర్కారుల మీద హక్కు ఇచ్చాయి. అప్పటినుంచి యుద్ధరంగం కోట గోడల దగ్గరినుంచి మద్రాసు కచేరీకి మారింది. సీతారామరాజు సమర్థుడు. పొరుగు జమీందార్లను అణిచాడు, సంస్థానాన్ని విస్తరించాడు. తమ్ముడితో తగవు వచ్చినప్పుడల్లా కంపెనీ అధికారుల అండ వెతుక్కున్నాడు. 1778లో గవర్నరు రంబోల్డ్ జమీందార్లను మద్రాసుకు పిలిపించి, ఇష్టం లేని విజయరామరాజు మీద సీతారామరాజునే దివానుగా రుద్దాడు. ఇందులో లంచాలు నడిచాయన్న ఆరోపణ ఇంగ్లండు పార్లమెంటు దాకా వెళ్లింది.

గ్రీసు మీద రోమ్ నీడ పడిన రోజుల్లో అకియన్ సమాఖ్యలోనూ ఇదే మథనం జరిగింది. రోమ్ అడగకముందే ఇచ్చేస్తే మంచిదన్నది అరిస్టీనస్ వాదం. ఒప్పందంలో ఉన్న ప్రతి అక్షరాన్నీ పట్టుకుని నిలబడాలి, ఎలాగూ వచ్చే ఆ రోజును మనమే ముందుకు లాక్కోవద్దన్నది ఫిలొపీమెన్ వాదం. పొలీబియస్ ఇద్దరినీ దేశభక్తులుగానే గౌరవించాడు. ఆయన క్షమించనిది కాలిక్రేటిస్‌ను. అతడు తన ప్రత్యర్థులను అణిచేందుకు రోమ్‌నే వాడుకున్నాడు. క్రీ.పూ. 167లో వెయ్యిమంది అకియన్ ప్రముఖులను రోమ్‌కు తరలించిన జాబితా వెనక అతడి చెయ్యి ఉంది. అందులో పొలీబియస్ కూడా ఒకడు. విజయనగరం అన్నదమ్ముల్లో ఫిలొపీమెన్ లాంటివాడు లేడు. ఎవరి అర్జీ వాళ్లు మద్రాసుకు మోశారు. అర్జీ అందిన ప్రతిసారీ కంపెనీకి సంస్థానం లోగుట్టు ఇంకొంచెం తెలిసింది.

1793 నాటికి పేష్కష్ బకాయిలు పేరుకున్నాయి. కంపెనీ సీతారామరాజును మద్రాసుకు పంపేసింది, సంస్థానాన్ని స్వాధీనం చేసుకుంది. విజయరామరాజును నెలకు 1,200 రూపాయల భరణం మీద మచిలీపట్నం వెళ్లి ఉండమంది. ఆయన బయలుదేరినట్టే బయలుదేరి పద్మనాభం దగ్గర తన మనుషులతో ఆగిపోయాడు. లెఫ్టినెంట్ కర్నల్ ప్రెండర్‌గాస్ట్ దళం వచ్చింది. పోరు ఎంతోసేపు సాగలేదు. రాజు, ఆయన చుట్టూ నిలిచిన బంధువులు, సేవకులు చాలామంది ఉన్నచోటే పడిపోయారు. కొడుకు నారాయణబాబు మన్యం జమీందార్ల అండకు చేరాడు. కొంతకాలానికి కంపెనీతో రాజీపడి, బాగా తగ్గించిన సంస్థానాన్ని తిరిగి పొందాడు. 1802 నాటి శాశ్వత పైసలా తరువాత మిగిలింది పన్ను కట్టే ఎస్టేటు. సైన్యం పెట్టుకునే హక్కు పోయింది.

పద్మనాభం యుద్ధం జరిగిన 1794లోనే, అదే కంపెనీ, చినరంగారావుకు బొబ్బిలిని తిరిగి ఇచ్చింది. బురుజు మీద తండ్రి చనిపోయిన రోజున చేతులు మారిన ఆ పసివాడు, కొన్నేళ్లు విజయనగరంలో బందీగా గడిపి, నిజాం రాజ్యానికి పారిపోయి, మళ్లీ సొంత గడ్డ మీద అడుగుపెట్టాడు. ప్లాటియా కథ ముగిసింది కూడా ఇలాగే. క్రీ.పూ. 335లో అలెగ్జాండర్ థీబ్స్‌ను పట్టుకున్నప్పుడు దాని గతి తేల్చమని తన వెంట ఉన్న గ్రీకు మిత్రులకు వదిలేశాడు. వాళ్లలో ప్లాటియావాళ్లున్నారు. థీబ్స్‌ను నేలమట్టం చేయాలని తీర్పు వచ్చింది. తొంభై ఏళ్ల పగ తీరింది. ఆ తరువాత థీబ్స్‌కు గానీ ప్లాటియాకు గానీ మాసిడోనియాను ధిక్కరించే బలం మిగల్లేదు.

పోలిక ఎంతదాకా నిలుస్తుందో కూడా చెప్పాలి. ప్లాటియా, థీబ్స్ స్వతంత్ర నగరాలు. పౌరులు సభ తీరి యుద్ధం గురించి వాదించుకునేవారు. బొబ్బిలి, విజయనగరం నిజాం కింద పన్ను కట్టే సంస్థానాలు. బురుజు మీద నిలిచిన పైకులను, చెరువు కింద వరి నాటిన రైతులను, మరాఠాల దోపిడీలో గొడ్డూ గోదా పోగొట్టుకున్న ఊళ్లను యుద్ధం చేయాలా వద్దా అని అడిగినవాళ్లు లేరు. థ్యుసిడిడీస్ పుటల్లో ప్లాటియా పౌరులు తమ వాదన తామే వినిపించుకుంటారు. మన ఆధారాల్లో దొరల మాట తప్ప ఊరి మాట వినపడదు. ఈ మౌనమే ఆ సంస్థానాల అసలు బలహీనత. పైన ఒక మనిషి పడిపోతే కింద నిలబడేది ఏదీ లేదు. 1757లో విజయరామరాజు, 1760లో ఆనందగజపతి, 1794లో రెండో విజయరామరాజు. ఒక్కో చావుతో కంపెనీకి ఒక్కో తలుపు తెరుచుకుంది.

నాయకత్వం లెక్కలో చూస్తే రంగారావుది నిలబడిన ధైర్యం. పొత్తుల్లేని ధైర్యం కూడా. పెద విజయరామరాజుది చురుకైన బుద్ధి. అది రేపటిని చూసింది గానీ ఎల్లుండిని చూడలేదు. ఆనందగజపతి ఒక పరాయి శక్తిని తరిమేందుకు ఇంకో పరాయి శక్తిని తెచ్చాడు. ఆ కాలంలో హైదరాబాదు నుంచి ఆర్కాటు దాకా అందరూ చేసింది అదే కనుక ఆయన ఒక్కణ్నే తప్పుపట్టడం న్యాయం కాదు. చివరి విజయరామరాజు జీవితమంతా ఇతరుల నిర్ణయాల కింద నలిగి, ఒక్కసారి సొంత నిర్ణయం తీసుకున్నాడు. అప్పటికి ఆయన పక్కన నిలిచే పొరుగు సంస్థానం లేదు. ఉండాల్సినచోట బొబ్బిలి ఉండేది. దాన్ని ఆయన గద్దె మీది పూర్వులే ఫిరంగికి అప్పగించారు.

బొబ్బిలి పాత కోట స్థలంలో స్మారక స్తంభం ఉంది. పద్మనాభంలో విజయరామరాజు సమాధి ఉంది. రెండు చోట్లకీ వేర్వేరు జనం వెళ్తారు, వేర్వేరు అభిమానాలతో తిరిగొస్తారు. పాఠ్యపుస్తకాల్లో, ఉత్సవాల్లో, నాటకాల్లో ఈ రెండింటినీ ఒకే పాఠంగా చెప్పే ప్రయత్నం జరగాలి. మొదటి అధ్యాయం 1753 నాటి కౌలు బేరంతో మొదలవ్వాలి, చివరి అధ్యాయం 1802 పైసలాతో ముగియాలి. మద్రాసు కచేరీ దస్తావేజులు, ఫ్రెంచి అధికారుల లేఖలు, జంగం కథల పాఠాంతరాలు ఒకేచోట తెలుగులో అచ్చువేస్తే, వెలమ పక్షమా రాచ పక్షమా అన్న పాత పేచీ పక్కకు పోయి, ఆ బేరాల్లో ఎవరు ఏం ఇచ్చారు, ఎవరు ఏం పుచ్చుకున్నారన్న లెక్క శ్రీకాకుళం, విజయనగరం పిల్లల చేతికి వస్తుంది.